సోమవారం పాట రాలేదు

"ఆ టెస్ట్ బటన్ నొక్కండి," అంది హన్నా.

లోహిత్ గోడ మీది సెన్సర్ వైపు చూశాడు గానీ చెయ్యి ఎత్తలేదు.

"ఈ గదిలో మనిషి చచ్చి రెండు రోజులైంది. బటన్ నొక్కటానికి మీకింకా ముహూర్తం కుదరలేదా?"

నొక్కాడు. నెత్తి మీద సైరన్ చెవులు చిల్లులు పడేలా అరిచింది. పైకప్పు కింద పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్ గిర్రున తిరగడం మొదలెట్టింది. హన్నా చెయ్యి ఊపాక అతను ఆపేశాడు.

"బ్రహ్మాండంగా మోగుతోంది. మరి సోమవారం ఎందుకు మోగలేదు?"

"అదే తెలియట్లేదండీ."

"తెలియట్లేదా, చెప్పాలనిపించట్లేదా?"

లోహిత్ బొటనవేలు చొక్కాకి తుడుచుకున్నాడు. ముప్పై దాటని కుర్రాడు. గుడివాడ దగ్గర పొలాలు అమ్మి, బందరు చిలకలపూడిలో అతని తండ్రి పున్నారావు పెట్టిన రోల్డ్ గోల్డ్ కార్ఖానా ఇది. కంప్యూటర్లు, సెన్సర్లు అన్నీ అమర్చింది కొడుకే. విదేశాలకు సరుకు పంపాలంటే అవన్నీ ఉండాలని తండ్రిని ఒప్పించి పెట్టాడు.

ఇత్తడి గాజుల మీద బంగారం రంగు ఎక్కించే తొట్టిని ఇక్కడ బాత్ అంటారు. అందులో సైనైడ్ ఉంటుంది. దానికి యాసిడ్ తగిలితే పుట్టే గాలి మనిషికి ఎక్కువ వ్యవధి ఇవ్వదు. సోమవారం ఉదయం ప్లేటింగ్ మేస్త్రి ఏలీయా ఈ గదిలోకి పరిగెత్తుకుంటూ వెళ్ళాడు. మళ్ళీ తిరిగి రాలేదు. గాలి గదినిండా ఉంది. సైరన్ మాత్రం నోరు మూసుకుని ఉంది. మధ్యాహ్నానికల్లా పోలీసులు అతని బావమరిది సామ్యేలును జీపెక్కించారు. ఈ సాయంత్రం మేజిస్ట్రేట్ ముందు నిలబెడతారు.

ఏలీయా భార్య కృపాకుమారి నిన్న భర్తను సమాధి చేసి, నేరుగా హన్నా డిటెక్టివ్ ఆఫీసుకు వచ్చింది. "మొగుడు పోయాడు. తమ్ముడొక్కడే మిగిలాడు. వాణ్ణి తెచ్చి పెట్టమ్మా," అంది. ఏడవలేదు. హన్నా ఒప్పుకోవడానికి అదీ ఒక కారణమే.

హన్నా గదిలోంచి బయటికి వచ్చింది. గాజు తలుపు దానంతటదే మూసుకుంది. తలుపు పక్కన గోడకి బిగించిన చిన్న కంప్యూటర్ ఉంది. కార్ఖానాలో అందరూ దాన్ని ప్యానెల్ అంటారు. సెన్సర్ చెప్పే అంకెలు స్క్రీన్ మీద పచ్చగా మెరుస్తున్నాయి. మూలన గడియారం నడుస్తోంది. వచ్చీ రాగానే దానికి గుచ్చి ఉన్న పెన్ డ్రైవ్‌ను లాగి, ప్యానెల్‌ను మళ్ళీ ఆన్ చేయించింది హన్నాయే. పోలీసులు రెండు రోజులుగా దాని ముందు నుంచే తిరిగారు. ఒక్కడూ చెయ్యి పెట్టి చూడలేదు.

గ్లవ్స్ వేసుకున్న చేత్తో ఆ పెన్ డ్రైవ్‌ను పైకెత్తి పట్టుకుంది. లోహపు డొప్ప. దాని మీద ధగధగలాడే బంగారు పూత.

"పెన్ డ్రైవ్‌కి కూడా పూత పూసే ఊరు ఇదొక్కటేననుకుంటా. ఎవరిదిది?"

"చర్చి వాళ్ళదండీ. క్వయర్ పాటలు. ఏలీయా సరదాకి పూత పూశాడు. శనివారం సాయంత్రం ప్రాక్టీసుకి చర్చికి వెళ్తుంది, సోమవారం మళ్ళీ ఇక్కడికొస్తుంది. సామ్యేలు పాట పెట్టుకోందే బాత్ దగ్గరికి వెళ్ళడండీ. సైనైడ్‌తో పని, దేవుడికి చెప్పి దిగుతానంటాడు. లోపల స్పీకర్ పెట్టించింది అందుకే."

"మంచి అలవాటే. ఏదీ, గుచ్చండి. నేనూ ఒక పాట వింటాను."

లోహిత్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"వద్దండీ."

"ఎందుకు వద్దు? పాటలే కదా?"

"అంటే... పోలీసు కేసు కదండీ... ఆధారం..."

"ఇంతకుముందు నేను లాగినప్పుడు గుర్తు రాలేదా ఆ ఆధారం?" హన్నా తనే గుచ్చింది. "చూడండి లోహిత్ గారూ. నా మొహం కాదు, గడియారం చూడండి."

గడియారం రెండంకెలు ముందుకు కదిలి ఆగిపోయింది. పచ్చ అంకెలు పచ్చగానే ఉన్నాయి. హన్నా తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి టెస్ట్ బటన్ మీద బొటనవేలు అదిమింది. సైరన్ కుయ్యిమనలేదు. ఫ్యాన్ రెక్క కదల్లేదు. అదిమిన వేలు తియ్యకుండానే గాజులోంచి లోహిత్‌ని చూసింది. అతను గోడకి ఆనుకుని నెమ్మదిగా కిందికి జారి కూర్చున్నాడు.

బయటికొచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"ఇప్పుడు చెప్పండి. నాకు అర్థమయ్యేలా కాదు, జడ్జిగారికి అర్థమయ్యేలా."

"పెన్ డ్రైవ్ గుచ్చగానే దాన్ని తెరిచి లోపలున్నవి మన ముందు పెట్టే సర్వీసు ఒకటి ఉంటుందండీ సిస్టమ్‌లో. ఆటోమౌంట్ అంటాం. గేటు దగ్గర వాచ్‌మన్ లాంటిది. కావాలని పాడుచేసిన పెన్ డ్రైవ్ ఒకటి గుచ్చితే, అందులో మొదలేదో చివరేదో తేలక అక్కడక్కడే తిరుగుతూ ఉండిపోతుంది. వెనక వచ్చినవాళ్ళకి గేటు తియ్యదు."

"సైరన్‌కీ గేటుకీ సంబంధం?"

లోహిత్ గొంతు సగానికి తగ్గింది. "సెన్సర్ అంకె ముందు ఆఫీసు సర్వర్‌లో ఒక ఫోల్డర్‌లోకి రాయాలి. ఆడిట్ వాళ్ళ కోసం. ఆ ఫోల్డర్ తెరిచేది కూడా ఇదే వాచ్‌మన్. రాయడం అయ్యాకే సైరన్ మోగేలా... ప్రోగ్రామ్ రాశాను."

"ముందు లెక్క రాసుకుని, తర్వాత మనుషుల్ని లేపుదామని."

"అలా అనుకోలేదండీ!"

"ఏమీ అనుకోలేదు. అదే కదా రోగం. ఈ లోపం మీకెప్పట్నించి తెలుసు?"

లోహిత్ నేల మీద పడున్న వైరు ముక్కను వేలికి చుట్టుకున్నాడు.

"లోహిత్ గారూ, సామ్యేలు ఈ రాత్రి జైల్లో పడుకుంటాడు. మీరు ఏసీలో పడుకుంటారు. జవాబు చెప్పకపోతే ఇద్దరి పడకలూ మార్పించగలను."

"పోయిన నెల తెలిసింది. సరిచేసిన వెర్షన్ వచ్చింది. అది వెయ్యాలంటే ఒక రోజు పని ఆపాలి. నాన్నగారు పండగ ఆర్డర్లు అయ్యాక చూద్దామన్నారు. అప్పటిదాకా పెన్ డ్రైవ్‌లు బంద్ చేద్దామంటే సామ్యేలు ఒప్పుకోలేదు, పాట లేకపోతే పని లేదన్నాడు. సరే ఎంత ప్రమాదమో కళ్ళారా చూస్తే వింటారని, నేనే ఒక పాడు పెన్ డ్రైవ్ తయారుచేసి అందరి ముందూ గుచ్చి చూపించాను. ప్యానెల్ బిగుసుకుపోయింది. అందరూ నవ్వారు. 'మీ కంప్యూటర్‌కి ఫిట్స్ వచ్చాయి బాబూ' అన్నాడు ఏలీయా."

"ఆ పెన్ డ్రైవ్ ఏది?"

"నా సొరుగులో పెట్టాను. మొన్న సాయంత్రం చూస్తే లేదు."

"పోలీసులకి చెప్పారా?"

"నాన్నగారు వద్దన్నారు."

హన్నా భూతద్దం తీసి బంగారు డొప్పను వెలుతురుకి పట్టింది. డొప్ప పాతదే, వేళ్ళు పట్టే చోట పూత అరిగింది. కానీ లోపలి చిప్ చుట్టూ ఎర్రటి జిగురు గీత కొత్తగా, వెంట్రుకంత సన్నగా, ఎక్కడా పొంగకుండా ఉంది. ఆ జిగురులో ఆవగింజలో సగం ఉన్న తెల్లరాయి ముక్క ఒకటి చిక్కుకుపోయింది. హన్నా తల్లి ఇరవై ఏళ్ళు ఈ పేటలోనే కమ్మలకి రాళ్ళు అతికింది. పుల్ల చివర మైనం పెట్టి రాయిని ఎత్తే ఆ చెయ్యి ఎలా ఉంటుందో హన్నాకి ఎవరూ చెప్పనక్కర్లేదు. మగవాళ్ళ చెయ్యి కాదిది.

"మీ దగ్గర రాళ్ళు అతికే ఆడవాళ్ళలో క్వయర్‌లో పాడేవాళ్ళు ఎవరు?"

లోహిత్ తలెత్తాడు. "ఒక్కరేనండీ. ఏలీయా వాళ్ళావిడ."

హన్నా మొహంలో ఏమీ కదల్లేదు. లోపల మాత్రం, మెట్టు ఉందనుకుని కాలేస్తే లేనట్టయింది.

"చివరి ప్రశ్న. లోపల సైనైడ్ వ్యర్థాల తొట్టి పక్కన ఖాళీ యాసిడ్ క్యాన్ పడి ఉంది. యాసిడ్ గది తాళం ఎవరి దగ్గర ఉంటుంది?"

"ఏలీయా దగ్గరే. ఎవ్వరికీ ఇవ్వడు. చచ్చినప్పుడు కూడా మొలతాడుకే ఉందండీ."

* * *

"రండి రండి డిటెక్టివ్ గారూ," అన్నాడు సీఐ విజయ్ కుమార్, కుర్చీలోంచి లేవకుండా. "మీ ఫీజు దండగ కాకముందే వచ్చారు. సాయంత్రం మీవాడికి రిమాండ్."

"కేసు తేలిపోయిందన్నమాట."

"తేలకేం? బావ అక్కని కొట్టేవాడు. మొన్నీమధ్య చేతి మీద యాసిడ్ చుక్కలు వేశాడు, తమాషాకి. తమ్ముడు ఆదివారం చర్చి వాకిట్లో అందరి ముందూ బావని చెప్పుతో కొట్టాడు. మర్నాడే బావ చచ్చాడు. అలారం ఆపేసింది ఎవరు? ప్యానెల్ ముట్టుకునేది వీడొక్కడే. ఇందులో మీకు కంప్యూటర్ సైన్సు ఎక్కడ కనబడిందండీ?"

హన్నా బ్యాగులోంచి నిన్నటి పేపరు తీసి బల్ల మీద పరిచింది. మూడో పేజీలో విజయ్ కుమార్ ఫోటో, ప్యానెల్‌ని వేలెత్తి చూపిస్తూ, మీసం తిప్పి.

"ఫోటో బాగా పడ్డారు. ఈ ఫోటోలో మీ చేతి గడియారంలో టైమెంత?"

"పదీ పది. అయితే?"

"మీ వేలు చూపిస్తున్న ప్యానెల్ మీద?"

విజయ్ కుమార్ వంగి చూశాడు. ఎనిమిదీ యాభై రెండు. మీసం కొంచెం కిందికి వాలింది.

"అలారం ఆపితే స్క్రీన్ మీద ఎర్రగా 'ఆఫ్' అని పడుతుంది. ఇక్కడ ఎవరూ ఏదీ ఆపలేదు. ఎనిమిదీ యాభై రెండుకి ఆ పెన్ డ్రైవ్ గుచ్చారు, ప్యానెల్ బిగుసుకుపోయింది. మీరు దాని పక్కనే నిలబడి ఫోటో దిగారు. ఆధారం మీ వేలి చివరే ఉంది, సీఐ గారూ. ఊరంతా చూసింది. మీరు తప్ప."

కానిస్టేబుల్ ఒకడు దగ్గు నటించాడు. విజయ్ కుమార్ వాడివైపు చూసిన చూపుకి వాడు నిజంగానే దగ్గాడు.

"సరే. గుచ్చింది ఎవరు? వీడే కదా? నా కేసుకి మీరే మేకు కొట్టారు, థాంక్సండీ."

"గుచ్చింది పాట కోసం. యాసిడ్ గది తాళం చచ్చినవాడి మొలకే ఉంది. క్యాన్ తెచ్చింది ఏలీయాయే. సోమవారం బాత్ దగ్గరికి ముందు వెళ్ళాల్సిందెవరు? సామ్యేలు. ఆ ఉచ్చు బావ వేసింది బావమరిదికి."

"మరి ఉచ్చు వేసినవాడే అందులో ఎందుకు దూకాడమ్మా? మతి పోయిందా?"

హన్నా పేపరు మడిచి బ్యాగులో పెట్టుకుంది. ఆ మడతలోనే అతనికి సంగతి అర్థమైంది. అప్పుడు లేచాడు, సంతోషంగా.

"అయిదు నిమిషాలు ఇస్తాను. నా ఎదురుగానే అడగండి. వీడు రెండు రోజుల్నించి నోరు విప్పలేదు. మీరేం పీకుతారో నేనూ చూస్తాను."

సామ్యేలును తెచ్చి కూర్చోబెట్టారు. పెదవి చిట్లి ఉంది. కోడూరు ప్రాంతం మనిషి. తల్లీ తండ్రీ పోయాక అక్కే పెంచింది. పెళ్ళయి బందరు వస్తూ, అక్క అతన్ని కూడా వెంటబెట్టుకొచ్చింది.

"సోమవారం పెన్ డ్రైవ్ నీకెవరిచ్చారు?"

నేల చూపులు.

"సరే, అది వదిలెయ్. గుచ్చావు. తర్వాత?"

"పాట రాలేదండీ." చిట్లిన పెదవి తుడుచుకున్నాడు. "పాట రాకపోతే నేను లోపలికి వెళ్ళను."

"ఎక్కడున్నావు?"

"బయటే. పాట రావట్లేదని చెప్పటానికి వెళ్ళాను."

"ఎవరికి?"

మళ్ళీ నేల.

"మీ బావ లోపలికి పరిగెత్తాడని ముగ్గురు చూశారు. నడిచి వెళ్ళలేదు, పరిగెత్తాడు. ఎవరో ఏదో చెబితేనే మనిషి పరిగెత్తుతాడు. ఏం చెప్పారు?"

సామ్యేలు కళ్ళలో నీళ్ళు నిండాయి. హన్నా ఆగలేదు. ఆగడం ఆమెకి చేతకాదు.

"మాట్లాడవా? మంచిది. ఈ సాయంత్రం నిన్ను జైలుకి పంపుతారు. మీ అక్క నిన్న ఒక శవాన్ని మోయించింది. నిన్ను చూడటానికి వారం వారం జైలు గేటు ముందు వరసలో నిలబడుతుంది. ఆ చేతి మీద యాసిడ్ మచ్చలతో. నువ్వు అక్కకి చేస్తున్న మేలు అదేనా?"

"అక్క పేరు ఎత్తకండి!" సామ్యేలు బల్ల మీద రెండు చేతులూ కొట్టాడు. "ఎత్తకండి మేడమ్. నేనే చంపాను. రాసుకోండి సార్. నేనే."

విజయ్ కుమార్ చప్పట్లు కొట్టాడు. "అయిదు నిమిషాలు కూడా పట్టలేదు! రెండు రోజులు లాఠీ విరగ్గొట్టుకున్నా రాలేదు. మీరు డిపార్ట్‌మెంట్లో చేరిపొండి హన్నా గారూ."

అక్క పేరు వినగానే తమ్ముడు ఒప్పేసుకున్నాడు. ఇక ఎక్కడికి వెళ్ళాలో హన్నాకి వేరే చెప్పనక్కర్లేదు.

* * *

కృపాకుమారి ఇంటి వీధి చివర కారు ఆపి, అక్కణ్ణించే విజయ్ కుమార్‌కి ఫోన్ చేసింది.

"సామ్యేలును పక్కన కూర్చోబెట్టుకోండి. స్పీకర్ ఆన్ చెయ్యండి. ఒక్క మాట మాట్లాడకండి, ఫోన్ పెట్టెయ్యకండి. అసలు మనిషి నోటి నుంచి వింటారు. విన్నాక అతన్ని వదిలెయ్యాలి."

"వినిపించండి, చూద్దాం."

ఆ 'చూద్దాం'లో మాట ఇవ్వడం లేదని హన్నా గమనించాల్సింది. గమనించలేదు. గెలుపు వాసన తగిలాక ఆమెకి మరో వాసన తెలీదు. ఫోన్‌ను బ్యాగులో పైనే పెట్టుకుని ఇంట్లోకి నడిచింది.

వాకిట్లో షామియానా ఇంకా విప్పలేదు. ఆదరణ కూడికకి, అంటే చావింటి ప్రార్థనకి, తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. కృపాకుమారి ఒక్కతే వంటింటి గుమ్మంలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. హన్నాని చూసి చేట పక్కన పెట్టింది.

"వచ్చావా అమ్మా. తమ్ముడు తిన్నాడా?"

"మూతి చిట్లింది అక్కా. తినలేకపోతున్నాడు." హన్నా ఎదురుగా కుర్చీ లాక్కుని, బ్యాగు ఒళ్ళో పెట్టుకుంది. "ఒప్పుకున్నాడు కూడా. బావని నేనే చంపానని."

కృపాకుమారి చేతులు ఒళ్ళో పడ్డాయి. ఎడమ ముంజేతి మీద అయిదారు గుండ్రటి మచ్చలు, గులాబి రంగులో, ఇంకా పక్కు కట్టలేదు.

"వాడు ఎందుకలా అన్నాడు?"

"మీకోసం. ఆ పెన్ డ్రైవ్‌లో చిప్ అతికింది మీరే కదా? జిగురులో మీ రాయి ముక్క ఉండిపోయింది అక్కా. అంత సన్నటి గీత బందరులో ఇంకొకరు గీయలేరు. అంటే ఈ పథకం మీది."

"కాదు."

"జడ్జిగారు అవుననే అంటారు."

"కాదమ్మా! ఆదివారం రాత్రి ఆయన తెచ్చాడు. పాటల చిప్ పాడైంది, ఇది కొత్తది, నీ చెయ్యి సన్నం, నువ్వు అతికించు అన్నాడు. అంతకుముందే తమ్ముడు ఆయన్ని అందరి ముందూ చెప్పుతో కొట్టాడు. ఇంటికొచ్చి నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. మెత్తగా మాట్లాడాడు. నాకదే సంతోషంగా అనిపించింది. అతికిచ్చాను. పొద్దున్నే నా చేత్తోనే తమ్ముడికిచ్చాను."

"తర్వాత?"

కృపాకుమారి చేటలోంచి ఒక వడ్లగింజ ఏరి పారేసింది.

"నిజం చెబితే తమ్ముణ్ణి వదిలేస్తారా?"

"సాయంత్రానికి మీ చేతి అన్నం తింటాడు. నాదీ పూచీ."

"మాటిస్తున్నావా?"

"ఇస్తున్నాను అక్కా."

కృపాకుమారి చేటను ఒళ్ళోకి లాక్కుంది.

"రాళ్ళు అతికే బల్ల దగ్గరికి తమ్ముడొచ్చి, అక్కా పాట రావట్లేదు, ప్యానెల్ బిగుసుకుపోయింది అన్నాడు. అప్పుడు తట్టింది. లోహిత్ బాబు ఆ రోజు గుచ్చి చూపించాడే, అదే ఇది. నేను అతికింది అదే. సైరన్ మోగకూడదని. ఎందుకు మోగకూడదు? తల తిప్పి చూశాను. ఆయన అప్పుడే వచ్చి స్టోరు దగ్గర నిలబడి ఆ గాజు తలుపునే చూస్తున్నాడు. కన్నార్పట్లేదు. తమ్ముడు నా వెనక బీరువా చాటున ఉన్నాడు, ఆయనకి కనబడట్లేదు. లోపలికి వెళ్ళిపోయాడనుకుంటున్నాడు. పాట లేందే వీడు వెళ్ళడన్న సంగతి పాట ఆపినవాడికే గుర్తులేదు."

హన్నా వెన్ను నిటారుగా అయింది. ఉచ్చు వేసినవాడే అందులో ఎందుకు దూకాడో ఇప్పుడు అర్థమవుతోంది.

"మీరు ఏమన్నారు?"

"తమ్ముడు లోపల పడిపోయాడు, చూడవయ్యా అన్నాను."

బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"పరిగెత్తాడమ్మా. కాపాడటానికి కాదు. వాణ్ణి కాపాడాలనుకుంటే ముక్కుకి గుడ్డ కట్టుకునేవాడు, ఆయనకి తెలీనిదేముంది? గాలి ఇంకా నిండలేదు, ఒక్క క్షణం చూసి వచ్చేయొచ్చనుకున్నాడు. పోయాడో లేదో కళ్ళారా చూసుకోవాలి కదా. ఆ మొహం నేను చూశాను. పెళ్ళిలో కూడా ఆయన మొహం అంత వెలగలేదు."

"మీకు ఆ క్షణంలో తెలుసు, లోపల ఏముందో."

"తెలుసు."

చాలు. హన్నాకి కావలసింది దొరికింది. ఆమె వేళ్ళు బ్యాగు అంచు మీదికి వెళ్ళాయి. కానీ కృపాకుమారి ఇంకా ఆగలేదు. రెండు రోజులు బిగబట్టిన మాట, ఒకసారి కదిలాక ఆగేది కాదు.

"తమ్ముడు నా వెనకే ఉన్నాడు. నా మాట విన్నాడు. బావా, నేనిక్కడున్నా అని అరవబోయాడు..."

"అక్కా, ఇక చాలు."

"చెప్పనీ. నేను వాడి చెయ్యి పట్టుకున్నాను. ఈ మచ్చల చెయ్యి వాడి చేతి మీద పెట్టాను. అది చూసి ఊరుకున్నాడు."

"అక్కా, మాట్లాడకండి!" హన్నా బ్యాగులో చెయ్యి పెట్టింది. తాళాలు, కాగితాలు, గ్లవ్స్ చేతికి తగిలాయి. ఫోన్ అడుక్కి జారిపోయింది.

"లోపలినుంచి తలుపు మీద కొట్టాడు ఆయన. రెండుసార్లో మూడుసార్లో. తలుపుకి తాళం లేదు, లాగితే వస్తుంది, కానీ చేతుల్లో బలం అప్పటికే పోయింది. మేం బయట నిలబడి చూశాం. ఇద్దరం. తమ్ముడు ఏడ్చాడు గానీ కదల్లేదు."

ఫోన్ హన్నా చేతికి దొరికింది. అప్పటికే దానిలోంచి ఒక గొంతు వస్తోంది. తీరిగ్గా, మర్యాదగా.

"హన్నా గారూ. లైన్ భలే క్లియర్‌గా ఉందండీ."

కృపాకుమారి ఫోన్‌ను చూసింది. తర్వాత హన్నాని చూసింది.

"సీఐ గారూ, మీరు మాటిచ్చారు!"

"చూద్దాం అన్నాను. చూశాను. నా దగ్గర ఒక ముద్దాయి ఉన్నాడు, మీరు ఇంకొకర్ని తెచ్చారు. తలుపు అవతల మనిషి కొట్టుకుంటుంటే తెరవకుండా నిలబడి చూసినవాణ్ణి వదిలెయ్యమంటారా? ఇందాక వాడొక్కడే చంపానంటుంటే కోర్టులో నిలబడదేమోనని నాకే బెంగగా ఉండేది. ఇప్పుడు ఇద్దరి మీదా రాస్తాను, నిలబడుతుంది."

వెనక నుంచి సామ్యేలు కేక వినబడింది. ఎవరో అతన్ని పట్టుకుని లాగుతున్నారు. "అక్క చెప్పలేదు సార్! ఆ మాట అన్నది నేను! అక్కా, నేనన్నానని చెప్పు! చెప్పవే!"

హన్నా కాల్ కట్ చెయ్యబోయింది. కృపాకుమారి ఆమె చేతిలోంచి ఫోన్ తీసుకుంది. లాక్కోలేదు, మెల్లగా తీసుకుంది.

"సామీ," అంది. "అరవకు నాన్నా, పెదవి మళ్ళీ చిట్లుతుంది. ఏమైనా తిన్నావా?"

అటునుంచి ఏడుపు తప్ప ఏమీ రాలేదు. అది కూడా మధ్యలో తెగి, మళ్ళీ సీఐ గొంతు వచ్చింది.

"జీపులోంచే మాట్లాడుతున్నానండీ, దార్లో ఉన్నాం. ఆవిణ్ణి అక్కడే ఉంచండి. మీ పూచీ."

ఫోన్ ఆగిపోయింది. కృపాకుమారి దాన్ని చీరకొంగుతో తుడిచి హన్నా ఒళ్ళో పెట్టింది. సగం చెరిగిన బియ్యాన్ని డబ్బాలో పోసి మూత పెట్టింది.

"నేనెక్కడికీ పోను," అంది. "వెళ్ళి ఆ గేటు వెయ్యి. జీపొస్తే వీధంతా లోపలికి వస్తుంది."

హన్నా లేచింది. గేటు దాకా నడిచి గడియ మీద చెయ్యి వేసింది. వీధి మలుపులో జీపు అప్పటికే తిరుగుతోంది. వెనక సీట్లో ఇద్దరు పోలీసుల మధ్య సామ్యేలును కూడా తెచ్చారు.